గుడ్డ కప్పలేదేటి?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. విషయం ఇది.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతారు. భర్తకు బరంపురంలో ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి, సోమవారం కోడి కూయకముందే వెళ్ళిపోతారు. ఇంట్లో ఈమె, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటారు. బావగారి కుటుంబం అమెరికాలో ఉంది. వాళ్ళు పోయిన క్రిస్మస్‌కి వచ్చారు. వచ్చే ముందు బావగారి పాప ఫోన్‌లో, "పిన్నీ, అక్కడ టర్కీ ఉంటుందా?" అని అడిగింది. ఈమె "ఎందుకుండదూ" అనేశారు. సరిహద్దు అవతల పాతపట్నం వైపు పెంచేవాళ్ళ దగ్గర ఒక టర్కీ పుంజును కొన్నారు. "మగది, పెద్దది, కాలి వెనక అంగుళం ముల్లు ఉంది, చూస్తేనే భయమేసింది" అని రాశారు.

డిసెంబరు 25 పొద్దున ఆరింటికి కోయించారు. కొట్టు అతను బ్రాయిలర్‌కి లాగినట్టే తోలు లాగేశాడు. రొమ్ము భాగం ఎముకతో సహా ఒకే ముక్కగా ఉంచమన్నారు, అది మాత్రం ఉంచాడు. అల్లంవెల్లుల్లి, మిరప్పొడి, పెరుగు పట్టించి ఏడున్నరకు ఓటీజీలో, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, 230 డిగ్రీల మీద పెట్టారు. పెట్టే ముందు ఫోటో తీసి స్టేటస్‌లో వేశారు. ఈ ఒక్క వాక్యం ఉత్తరంలో కొట్టేసి, మళ్ళీ రాశారు. అందరూ ఆరాధనకు వెళితే ఈమె ఒక్కరే పొయ్యి దగ్గర ఉండిపోయారు. తొమ్మిదింటికి తీసి చూస్తే పైన బొగ్గు, కోస్తే ఎముక పక్కన గులాబీ రంగు. భయపడి మళ్ళీ ముప్పావుగంట పెట్టారు. ఇక కత్తి దిగలేదు.

చర్చి నుంచి వచ్చిన అత్తగారు పళ్ళెం వైపు చూసి, "గుడ్డ కప్పలేదేటి?" అని గొణిగారు. దాని అర్థమేంటో ఈమెకు ఇప్పటికీ తెలియదు. బావగారు "ఇది కోడా, కొయ్యా?" అన్నారు. తోడికోడలు నవ్వుతూ వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అత్తగారు ఏమీ అనకుండా ఆ మాంసం ముక్కలు చేసి, కుక్కర్‌లో మసాలాతో ఉడికించి పదమూడు మందికీ వడ్డించారు. అప్పటినుంచి చుట్టాల్లో ఈమె పేరు 'టర్కీ కోడలు'.

ఈ ఏడూ వాళ్ళు వస్తున్నారు. "ఈసారి టర్కీ ఉందా, పళ్ళ డాక్టరు నంబరు వెతకమంటావా?" అని బావగారు మెసేజ్ పెట్టారు. అత్తగారు నాటుకోడి చాలంటున్నారు. భర్త "నీ ఇష్టం" అంటున్నారు. "మళ్ళీ చేయాలా, మానాలా? చేస్తే ఎలా? నవ్విన వాళ్ళతో ఏమనాలి? తలుచుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడిగారు. చివర ఒక వాక్యం: "మా అత్తగారి నాన్నగారు పూర్వం మిషన్ బంగళాలో వంట చేసేవారట, అందుకేనేమో ఆవిడకి నా వంట నచ్చదు."

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, దాచుకోను. రెండోసారి చదివినప్పుడు మీ కోడి ఎందుకు కొయ్యయిందో మీ ఉత్తరంలోనే రాసి ఉందని కనబడింది. మీరు లెక్కల టీచరు కాబట్టి మెట్టు మెట్టుగా చూద్దాం.

ముందు ఆ ముల్లు. కాలి వెనక అంగుళం ముల్లున్న పుంజు పిల్ల కాదు, బాగా ముదిరింది. ఏడాది దాటిన పుంజు కండ, పులుసులో గంటల తరబడి ఉడికితే తప్ప లొంగదు. పొడి వేడిలో పెట్టి కాల్చాలంటే అయిదారు నెలల పెట్ట కావాలి. కొనేటప్పుడు రొమ్ము ఎముక కింది కొన వేలితో నొక్కి చూడండి. లేతదైతే ఆ కొన మృదులాస్థి, చెవి తమ్మెలా వంగుతుంది. ముదురుదైతే గట్టిగా ఎదురు తిరుగుతుంది. అమ్మేవాడు సహజంగా పెద్దదే అంటగడతాడు, వాడికి దాణా ఖర్చు మిగులుతుంది. మీరూ పెద్దది చూసి మురిసిపోయారు. పదమూడు మంది భోజనమంటే ఎవరైనా అంతే.

రెండోది, నా లెక్కలో అసలుది, ఆరింటికి కోయించి ఏడున్నరకు పెట్టడం. కోసిన కోడి కండ కొంతసేపటికి బిగుసుకుంటుంది, ఆ బిగువు వదలడానికి మళ్ళీ గంటలు పడుతుంది. టర్కీ లాంటి పెద్ద పక్షికి ఒక రాత్రంతా చల్లటి చోట విశ్రాంతి ఇవ్వడం మేలు. బిగువు వదలక ముందే వేడి తగిలిందా, ఆ బిగువులోనే ఉడికి రబ్బరవుతుంది. కోసిన కోడి కోసినట్టు గిన్నెలో వేసే అలవాటు మనది. నాటుకోడి పులుసుకి అది చెల్లుతుంది, ఎందుకంటే నీళ్ళలో ఎంతసేపైనా ఉడకనిస్తాం. రోస్టుకి చెల్లదు. అంటే మీరు ఓటీజీ స్విచ్ వేసేటప్పటికే సగం ఆట అయిపోయింది.

మూడోది తోలు. టర్కీ రొమ్ము కండలో కొవ్వు చాలా తక్కువ. దానికున్న గొడుగు ఆ తోలొక్కటే. తోలు లేకుండా 230 డిగ్రీల్లో పెడితే పైపొర మాడుతుంది, లోపల ఎముక దగ్గరికి వేడి ఇంకా చేరదు. మీ ఓటీజీ ముప్పై లీటర్లది అన్నారు. అంత ముక్క అందులో పెడితే పై రాడ్‌కి బెత్తెడు దూరం కూడా మిగలదు.

ఇక గులాబీ రంగు. దాన్ని చూసి భయపడి ముప్పావుగంట పెట్టారే, అక్కడ మీ కోడి పూర్తిగా పోయింది. ఎముక పక్కన గులాబీ రంగు ఉంటే పచ్చి అని కాదు. ఎముకలోని మూలుగ నుంచి వచ్చే రంగు, కండలోని రంగుపదార్థం ఉడికాక కూడా అలాగే ఉండిపోవచ్చు. తెల్లగా కనబడినంత మాత్రాన ఉడికిందనీ కాదు. రంగు చూసి చెప్పలేం, కారే రసం చూసీ చెప్పలేం. మాంసంలో గుచ్చే థర్మామీటరే చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో వస్తుంది. మీరు ఏ దారి ఎంచుకున్నా, ఇది మాత్రం ఈ వారమే తెప్పించుకోండి.

వీటిలో 230 డిగ్రీలు, ఆ ముప్పావుగంట మాత్రం మీ ఖాతాలో పడతాయి. మిగతావి అమ్మినవాడివి, కోసినవాడివి, మనందరి అలవాటువి. స్టేటస్ కూడా మీదే అనుకోండి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు గుడ్డ. ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఇదే. టర్కీ రోస్టు చేసేటప్పుడు పలుచని నూలుగుడ్డను కరిగించిన వెన్నలో ముంచి రొమ్ము మీద కప్పే పద్ధతి ఒకటుంది. పాత దొరల వంటిళ్ళలో తెలిసిన విద్య. రొమ్ము మాడకుండా, ఆరిపోకుండా ఆ వెన్నగుడ్డ కాపాడుతుంది. చివర్లో తీసేస్తే పైన రంగు వస్తుంది. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు మీ ఊళ్ళో దశాబ్దాల పాటు ఉన్నారు. వాళ్ళ బంగళాలో వంట చేసిన మనిషి కూతురు, మాడిన రొమ్మును చూడగానే "గుడ్డ కప్పలేదేటి?" అన్నారంటే, ఆవిడ మీ వంటకు వంక పెట్టలేదమ్మా. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి చూసింది గుర్తొచ్చింది, నోటికొచ్చింది.

ఇంకొకటి గమనించారా? ఆ మాట అని ఊరుకున్నారు. విసుక్కోలేదు, ఎవరి ముందూ చిన్నబుచ్చలేదు, కొంగు దోపుకుని కుక్కర్ పెట్టారు. ఆ రోజు ఆ ఇంట్లో మీ పరువు కాపాడిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. మీ ఉత్తరంలో ఆవిడ గురించి ఉన్న ఒకే ఫిర్యాదు 'నా వంట నచ్చదు' అనేది. దానికి రుజువుగా మీరు రాసింది ఒక్కటీ లేదు. వంటలో పండిపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మీరు ఫోన్‌లో ఎవరివో వీడియోలు చూసి నేర్చుకున్నారు. ఆవిడ మనసు చివుక్కుమని ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు, నేను ఆవిడను చూడలేదు. కానీ అడిగితే తెలుస్తుంది. "బావగారు వాళ్ళొస్తున్నారు, ఏం చేద్దాం" అని అడగొద్దు, దానికి జవాబు నాటుకోడే. "తాతగారు బంగళాలో టర్కీ ఎలా చేసేవారు అత్తయ్యా?" అని ఒక సాయంత్రం బియ్యం ఏరుతున్నప్పుడో, కూర తరుగుతున్నప్పుడో అడగండి.

సరే, ఏం చేయాలి. దారులు కొన్నున్నాయి, దేని కష్టం దానికి ఉంది.

మళ్ళీ రోస్టే చేస్తానంటే ఇంకా నెలన్నర ఉంది, అది చాలు. పుంజు వద్దు, అయిదారు నెలల పెట్టను తీసుకోండి. బతికి ఉండగా అయిదు కిలోలు తూగితే రొమ్ము భాగం ఎముకతో సుమారు కిలో పైచిలుకు వస్తుంది. పదమూడు మందికి తలా రెండు మూడు ముక్కలే, అంతే చాలు. పెద్దది చేసి ఏడవడం కన్నా చిన్నది చేసి నవ్వడం నయం. 23వ తేదీ సాయంత్రం కోయించండి. ఈకలు పీకించి, నాటుకోడికి చేసినట్టు మంట మీద కాల్పించి, తోలుతోనే తెండి. ఇంటికొచ్చాక కుళాయి కింద కడగొద్దు, చిందిన నీళ్ళతో క్రిములు సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పరుచుకుంటాయి. కాల్చిన మసి ఉంటే శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పడేయండి. ఆ రాత్రి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

24 పొద్దున కిలోకి రెండు చదును చెంచాల ఉప్పు, తోలు కింద వేలు దూర్చి కండకు కూడా తగిలేలా రాయండి. తోలు చిరగకుండా వేలిని పడుకోబెట్టి తోయాలి, దిండుకి గలీబు తొడిగినట్టు. ఉప్పు ముందు నీరు లాగుతుంది, తర్వాత ఆ నీటితో పాటే లోపలికి ఇంకుతుంది, కండ తడి పట్టుకుని ఉంటుంది. ఆ రాత్రంతా ఫ్రిజ్‌లో కింది అరలో, మూత లేకుండా. తోలు కాగితంలా ఆరుతుంది, అలా ఆరితేనే కరకరలాడుతుంది. పెరుగు, మిరప్పొడి ఈసారి వద్దు. అవి తందూరి కోడికి బాగుంటాయి, ఇంతసేపు కాలితే నల్లబడతాయి. వెన్నలో మిరియాల పొడి, నలిపిన వెల్లుల్లి, ఇష్టమైతే కాస్త కొత్తిమీర కాడలు నూరి కలిపి తోలు కింద కూరండి. పైన ఉత్తి వెన్న.

25న గంట ముందు బయట పెట్టండి. ఓటీజీ 165 డిగ్రీల మీద పది నిమిషాలు ముందే వేడెక్కాలి. ట్రేలో ఉల్లిపాయ చక్రాలు, రెండు క్యారెట్లు, ఒక గ్లాసు నీళ్ళు. దాని మీద రొమ్ము, తోలు పైకి ఉండేలా, అన్నిటికన్నా కింది అరలో. ఇక్కడొక హెచ్చరిక: మీ అత్తగారు వెన్నగుడ్డ అంటే, పద్ధతి వినండి కానీ చిన్న ఓటీజీలో గుడ్డ పెట్టకండి. బంగళా పొయ్యి పెద్దది, ఎర్రటి రాడ్ పైన వేలాడేది కాదు. ఇక్కడ గుడ్డ అంచు తగిలితే అంటుకుంటుంది. ఆ పని ఫాయిల్ చేస్తుంది. రంగు రాగానే పైన వదులుగా కప్పండి. గుడ్డ చేసే పని ఇదేనని ఆవిడకు చూపించండి, ఒప్పుకుంటారు.

టైము గంటా పది నిమిషాల నుంచి గంటన్నర మధ్య పట్టొచ్చు. ముక్కను బట్టి, మీ ఓటీజీని బట్టి, ఆ పొద్దున మీ వీధిలో కరెంటు బలాన్ని బట్టి మారుతుంది. క్రిస్మస్ పొద్దున అమెరికా చుట్టాలంతా వేన్నీళ్ళ స్నానాలంటే గీజర్ ఆగదు. ఓటీజీ నడిచేంతసేపు గీజర్ కట్టేయమని మీ ఆయనకు డ్యూటీ వేయండి. 'నీ ఇష్టం' అన్న మనిషికి ఒక పనైనా ఉండాలి. యాభై నిమిషాల నుంచి థర్మామీటర్ గుచ్చి చూడటం మొదలుపెట్టండి. కండ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా. ఎముకకు తగిలితే తప్పు లెక్క చెబుతుంది. 71 దగ్గర బయటికి తీసి, ఫాయిల్ వదులుగా కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. లోపలి వేడి తనంతట తను ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కుతుంది. 74 చూశాకే కోయండి, అక్కడ భయం లేదు. ఎక్కకపోతే పది నిమిషాలు మళ్ళీ లోపల పెట్టండి. 80 దాటించారో, పోయినేడు కథే.

ఆ ఇరవై నిమిషాలు ఆగడం మీకు కొత్త కాదు. అదే ఓటీజీలో ఛెనాపోడ, ఆ ఒడియా పాలవిరుగుడు మిఠాయి, బాగా చేస్తానని మూడో పేజీలో మీరే రాశారు. ఛెనాపోడను వేడిమీద కోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? చల్లారనిస్తారు, అప్పుడు ముక్క నిలబడుతుంది. ఇదీ అంతే, వేడి తగ్గేదాకా రసం లోపల సర్దుకోవాలి. సాల చెట్టు ఆకు కప్పి నెమ్మదిగా కాల్చే మిఠాయి వచ్చిన చేతికి టర్కీ రాకపోవడమేంటి. కోసేటప్పుడు రొమ్ము ఎముకకు ఆనించి కత్తి దించి, ఒక పక్క కండ మొత్తం విడదీసి, పలక మీద పెట్టి అడ్డంగా ముక్కలు చేయండి. పోచలు పొడుగ్గా ఉంటే నమలాలి, అడ్డంగా తెగితే పొట్టిగా విరుగుతాయి. ట్రేలో మిగిలిన రసం వడగట్టి, కాస్త మైదా వేసి చిక్కబరిస్తే గ్రేవీ. నాకైతే దాని పక్కన బరంపురం పచ్చడే ఎక్కువిష్టం.

ఒకేసారి పండగనాడు చేయొద్దు. నవంబరులో ఒక ఆదివారం బ్రాయిలర్ కోడి రొమ్ము, తోలుతో, ఎముకతో తెచ్చి ఇదే పద్ధతిలో చేసి చూడండి. ముప్పావుగంటలోపే అయిపోతుంది. మీ ఓటీజీ 165 అంటే నిజంగా ఎంతో అప్పుడు తెలుస్తుంది, వాటి డయల్ మాట నమ్మడానికి లేదు. ఈ దారిలో కష్టమేంటంటే, అంతా బాగా కుదిరినా ఆ పొద్దంతా అందరి కళ్ళూ మీ మీదే ఉంటాయి. తట్టుకోగలనా అని మీరే చూసుకోవాలి.

రెండో దారి, రొమ్ము మీరు, కాళ్ళు అత్తగారు. ఇందులో మర్యాదతో పాటు శాస్త్రం కూడా ఉంది. నిలబడి నడిచే పక్షి కదా, కాళ్ళ కండలో జిగురు పదార్థం ఎక్కువ. అది కరగాలంటే 80 దాటాలి, సేపు కావాలి. రొమ్ముకేమో 74 చాలు. అందుకే టర్కీని పూర్తిగా రోస్టు చేసినప్పుడు ఒకటి బాగుంటే రెండోది పాడవుతుంది. విడదీసి, తొడలూ కాళ్ళూ ఆవిడ చేతి ఇగురుకి ఇచ్చేస్తే రెండూ బాగుంటాయి. రొమ్ములో ఏదైనా తేడా వచ్చినా పళ్ళెంలో కూర ఉంటుంది, ఎవరూ ఆకలితో లేవరు. నన్నడిగితే నా మొగ్గు ఇటే. కాకపోతే ఇగురే ముందు అయిపోతుంది, మీ రోస్టు రెండు ముక్కలు మిగులుతాయి. అది చూసి మళ్ళీ కుంగిపోతానంటే ఈ దారి మీకు పడదు.

విశాఖపట్నం నుంచి ఫ్రోజెన్ బ్రెస్ట్ తెప్పించుకోవచ్చు. లేతది, తోలుంటుంది. కానీ బస్సులో ఇంతదూరం గడ్డ కరగకుండా రావాలి. సగం కరిగి, మళ్ళీ గడ్డకట్టి, మళ్ళీ కరిగితే తినకపోవడమే మంచిది. ఇంటికొచ్చాక రెండు కిలోల ముక్క ఫ్రిజ్ కింది అరలో కరగడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. వంటింటి గట్టు మీద పెట్టి కరిగించొద్దు. కొన్నిటికి కంపెనీవాళ్ళే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు, కవరు మీద చదివి, అలా ఉంటే మీరు మళ్ళీ ఉప్పు రాయకండి. ఈ తిప్పలన్నీ పడే తెచ్చుకునేవాళ్ళున్నారు, నేను పడను.

ముదురు పుంజే దొరికితే రోస్టు ఆలోచన మానేయండి. అడుగు మందంగా ఉన్న డేక్సాలో వెన్న వేసి ఎర్రగా వేయించి, ఉల్లి, మిరియాలు, రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత బిగించి సన్నసెగ మీద రెండు గంటలు. ఫోటోకు అందంగా ఉండదు, పంటికి మాత్రం మెత్తగా ఉంటుంది.

ఇక నాటుకోడి. అదీ ఒక దారే, ఓటమి కాదు. అమెరికా నుంచి పర్లాకిమిడి వచ్చినవాళ్ళకు అక్కడ వారంవారం దొరికే మాంసం ఎందుకు అని మీ అత్తగారు అంటే నేను కాదనలేను. కానీ ఎందుకు మానుతున్నారో మీతో మీరు ఒకసారి అనుకోండి. 'హమ్మయ్య' అనిపించి మానితే మంచిదే, హాయిగా ఆరాధనకు వెళ్ళండి. పోయినేడు అదీ పోగొట్టుకున్నారు. భయపడి మానితే మాత్రం ఆ పేరు ఇంకో ఏడాది మోయాల్సి వస్తుంది.

నవ్విన వాళ్ళ సంగతి. బావగారికి ఒక్క మాట చెప్పండి: ఆయన ఉండే దేశంలో బటర్‌బాల్ అనే టర్కీ కంపెనీ 1981 నుంచి ఒక ఫోన్ లైన్ నడుపుతోంది. థాంక్స్‌గివింగ్ అనే అక్కడి పండగకి టర్కీ చేయడం రాక కంగారు పడేవాళ్ళు ఫోన్ చేసి అడగడానికే అది. పుట్టినప్పటి నుంచి తిన్నవాళ్ళకే ఫోన్ కావాల్సి వస్తే, మొదటిసారి ముట్టుకున్న మీరు ఏం నేరం చేశారు? ఆ పక్షి మీద అమెరికా వాళ్ళకేమీ పట్టా లేదు కూడా. మెక్సికోలో మచ్చికైన జాతి. 1612లోనే గోవా మీదుగా జహంగీరు దర్బారుకి ఒకటి వస్తే, ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని ఎర్రటి మెడ మీది ముడతలతో సహా బొమ్మ గీశాడు. పళ్ళ డాక్టరు మెసేజ్‌కి జవాబుగా ఆ బొమ్మ పంపినా సరిపోతుంది. మీ బావగారి మాటల్లో నాకు ఎకసెక్కం కనబడింది కానీ కుళ్ళు కనబడలేదు. సరదాకి సరదాగా జవాబివ్వగలిగితే అక్కడితో తేలిపోతుంది.

వీడియో వేరు. అది సరదా హద్దు దాటింది. తోడికోడలితో మీరే నేరుగా, ఒక్కరే ఉన్నప్పుడు, "అక్కా, ఆ వీడియో నాకు చాలా బాధనిపించింది, గ్రూపులోంచి తీసెయ్యవా" అనొచ్చు. చాలామంది ఆ మాటకే నొచ్చుకుని తీసేస్తారు. కొందరు "అబ్బ, దానికేనా" అంటారు, అప్పుడు మీకు మరింత మంట. మీ ఆయన చేత అన్నయ్యకు చెప్పించొచ్చు, పని త్వరగా అవుతుంది కానీ అన్నదమ్ముల మాట కాస్తా తోడికోడళ్ళ తగువు అవుతుంది. ఏమీ అనకుండా ఊరుకోనూ వచ్చు, ఏడాది ఊరుకున్నారు కదా, నిద్ర పట్టిందా? నేనైతే వాళ్ళు రాకముందే ఫోన్‌లో చెప్పేస్తాను. పండగ ఇంట్లో పెట్టుకుని చెప్పను.

మీ ఆయన 'నీ ఇష్టం' గురించి. కొన్ని ఇళ్ళలో ఆ మాట స్వేచ్ఛ, కొన్ని ఇళ్ళలో తప్పించుకోవడం. ఈయనది రెండోదని అనిపిస్తోంది. "నా ఇష్టమే, కానీ నువ్వు 23న పాతపట్నం వెళ్ళి పెట్ట తేవాలి, దాని ఎముక కొన నొక్కి చూడాలి" అని చెప్పి చూడండి.

స్టేటస్ కూడా ఈసారి తిన్న తర్వాత పెట్టండి. పోయినేడు వండకముందు పెట్టారు కాబట్టే, మాడింది మీకు మాత్రమే తెలియాల్సింది ఊరందరికీ తెలిసింది. నేను కూడా ఒకసారి ఇలాగే చేశాను. జామపండు జెల్లీ గడ్డకట్టిందని ఊరంతా చెప్పి, సీసా తలకిందులు చేసి చూపిస్తుంటే మా మరిది చొక్కా మీద పడింది. ఆ చొక్కా ఇప్పటికీ గుర్తుచేస్తాడు.

ఆఖరిగా, 23న కొట్టు దగ్గరికి మీ ఆయన ఒక్కరే వెళితే చీటీ రాసివ్వండి: తోలు తీయొద్దు, రొమ్ము కొట్టొద్దు, కాళ్ళు వేరే. అతనికి చూపించడమే కాదు, నోటితో కూడా రెండుసార్లు చెప్పమనండి. మాట్లాడుతూ మాట్లాడుతూనే అలవాటు కొద్దీ చెయ్యి తోలు లాగేస్తుంది.